జీలాటెక్ పీడీఎఫ్‌లు ఎక్కడ చెడిపోతున్నాయి: ఈ విడత పని నమోదు

ప్రతిపదార్థంతో, టీకతో కూడిన ఒక పద్య సంకలనాన్ని తీరిక వేళల్లో జీలాటెక్ అనే అక్షర కూర్పు ప్రోగ్రామ్‌తో కూరుస్తున్నాను. ఈ విడత అందులో కొత్త పేజీలేవీ చేరలేదు. దొరికిన సమయమంతా చెడిపోయిన పీడీఎఫ్‌ల వెంట తిరగడానికే సరిపోయింది. నా లినక్స్ కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకునే ఫైలు, ప్రూఫులు దిద్దే మిత్రుడి విండోస్ కంప్యూటర్‌లో ఒక వ్యూయర్‌లో అసలు తెరుచుకోదు. మరొక వ్యూయర్‌లో తెరుచుకుంటుంది గాని, నడుమ అక్కడక్కడ పేజీలు తెల్లగా వస్తాయి. తన పని గురించి జీలాటెక్ రాసే లాగ్ చూస్తే ఒక్క దోషమూ కనిపించదు.

ఇలాంటప్పుడు ముందుగా వినిపించే సలహా, ఫైలును ఏదో ఒక మరమ్మతు సాధనంలో వేసి తీయమని. మూల ఫైలు మన దగ్గర లేనప్పుడు అంతకు మించి దారి లేదు కూడా. మూలం చేతిలో ఉన్నప్పుడు మాత్రం మళ్లీ కంపైల్ చేస్తే (అంటే జీలాటెక్‌లో నడిపితే) కొత్త పీడీఎఫ్ వచ్చేస్తుంది కనుక, తేల్చుకోవలసింది ఆ ఫైలు ఏ దశలో, ఏ బైటు దగ్గర మారిందన్నది. మరమ్మతు సాధనం ఫైలును మొత్తంగా తిరగరాసి సరిగ్గా ఆ ఆనవాళ్లనే చెరిపేస్తుంది. అందుకని చెడిన ప్రతికి వేరే పేరు పెట్టి, రాయడానికి వీలు లేకుండా అనుమతులు మార్చి, పక్కన భద్రపరిచాకే పరిశీలన మొదలుపెట్టాను.

తల, తోక

పీడీఎఫ్‌ను చదివే ప్రోగ్రామ్ ముందుగా ఫైలు చివరికి వెళ్తుంది. అక్కడ రెండు శాతం గుర్తులు, వాటి పక్కన ఈఓఎఫ్ అన్న అక్షరాలు ఉంటాయి. దానికి పై పంక్తిలో ఒక సంఖ్య, ఆ పైన ‘స్టార్ట్ఎక్స్‌రెఫ్’ అన్న మాట ఉంటాయి. ఫైలులోని ఆబ్జెక్టులు (పేజీ, ఫాంట్, బొమ్మ లాంటి భాగాలు) ఏవేవి ఎన్నో బైటు దగ్గర మొదలవుతాయో చెప్పే పట్టిక ఎక్కడుందో ఆ సంఖ్య చెబుతుంది. అంటే పీడీఎఫ్‌లో ప్రతిదీ బైట్ల లెక్క మీదే నిలబడి ఉంటుంది. నడుమ ఒక్క బైటు చేరినా, జారినా, ఆ తరువాతి చిరునామాలన్నీ తప్పుతాయి.

జీలాటెక్ వెనక పనిచేసే జీటెక్ ఇంజన్ నేరుగా పీడీఎఫ్ రాయదు. అది తయారుచేసే ఎక్స్‌డీవీ రూపాన్ని ఎక్స్‌డీవీఐపీడీఎఫ్ఎమ్ఎక్స్ అనే డ్రైవర్ పీడీఎఫ్‌గా మారుస్తుంది. ఆ డ్రైవర్ మామూలుగా 1.5 వెర్షన్ ఫైలును ఇస్తుంది. 1.5లో ఈ చిరునామాల పట్టికను కూడా కంప్రెస్ చేసి (కుదించి) స్ట్రీమ్‌గా, అంటే ఒక బైట్ల వరుసగా, దాచే వీలుంది కాబట్టి, ఫైలును ఎడిటర్‌లో తెరిచినా కంటికి ఏమీ ఆనదు. పరిశీలన కోసం జీలాటెక్‌కు అవుట్‌పుట్ డ్రైవర్ ఆప్షన్ ఇచ్చి, అందులో వెర్షన్‌ను 4గా, కంప్రెషన్‌ను సున్నాగా పెట్టి ఒక ప్రతి తీశాను. 1.4 వెర్షన్‌లో పట్టిక మామూలు అంకెల్లోనే ఉంటుంది. ఒక్కొక్క పంక్తి పంక్తి ముగింపుతో కలిపి సరిగ్గా 20 బైట్లు: పది అంకెల చిరునామా, ఖాళీ, ఐదు అంకెల తరం సంఖ్య, ఖాళీ, ఒక అక్షరం, చివర రెండు బైట్లు. ఈ ప్రతిని కూడా పాత దారిలోనే మిత్రుడికి పంపి, అక్కడి నుంచి తిరిగి తెప్పించుకున్నాను. వచ్చిన ప్రతిలో ఒక్కొక్క పంక్తి 21 బైట్లు ఉంది.

తొమ్మిదో బైటు

ఇక రెండు ప్రతులనూ సీఎంపీ అనే ప్రోగ్రామ్‌తో బైటు బైటుగా పోల్చడమే మిగిలింది. ప్రతి తేడానూ చూపే ఆప్షన్‌లో అది బైటు స్థానాన్ని దశాంశంలోను, విలువలను అష్టాంశంలోను (8 ఆధారంగా గల అంకెల్లో) అచ్చు వేస్తుందన్నది గుర్తుంచుకోవాలి, లేకపోతే అంకెలు అర్థం కావు. మొదటి తేడా తొమ్మిదో బైటు దగ్గరే కనిపించింది: నా ప్రతిలో 12, తిరిగి వచ్చిన ప్రతిలో 15. దశాంశంలో అవి 10, 13. పీడీఎఫ్ మొదటి పంక్తి వెర్షన్ సంఖ్యతో కలిపి 8 బైట్లు ఉంటుంది. తొమ్మిదోది పంక్తి ముగింపు. లినక్స్‌లో పంక్తి ముగింపు 10 అనే ఒక్క బైటు, విండోస్‌లో 13, 10 అనే జంట. దారిలో ఎవరో ఈ ఫైలును మామూలు పాఠ్యమనుకొని, ప్రతి 10కి ముందు ఒక 13ను చేర్చారు. ఫైలు పరిమాణంలో పెరిగిన బైట్లు, అసలు ప్రతిలో ఉన్న 10ల సంఖ్యకు దాదాపుగా సరిపోయాయి. ఆ ‘దాదాపుగా’ వెనక మరో కథ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

నిజానికి పీడీఎఫ్‌లో ఇలాంటి పొరపాటు జరగకుండా ఒక ఏర్పాటు ఉంది. రెండో పంక్తిలో 128కి తగ్గని విలువ గల బైట్లను కనీసం నాలుగింటిని వ్యాఖ్యగా పెట్టమని ప్రమాణం సూచిస్తుంది. అవి ఉంటే బదిలీ ప్రోగ్రామ్‌లు ఇది పాఠ్యం కాదని గ్రహిస్తాయని ఉద్దేశం. జీటెక్ డ్రైవర్ అక్కడ 228, 240, 237, 248 అని రాస్తుంది. ఒక్కొక్క దానిలోంచి 128 తీసేస్తే డీ, పీ, ఎమ్, ఎక్స్ అనే ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. మరో ఇంజన్ పీడీఎఫ్‌టెక్ ఇదే పద్ధతిలో పీ, టీ, ఈ, ఎక్స్ అని రాసుకుంటుంది. ఫైలు ఏ ఇంజన్ నుంచి వచ్చిందో తెలియనప్పుడు ఆ నాలుగు బైట్లే ముద్ర వేసినంత స్పష్టంగా చెబుతాయి, వాటిని చూడటం నాకు అలవాటైపోయింది.

ఆ ఏర్పాటు ఇక్కడ ఎందుకు పనిచేయలేదంటే, మేం ఫైళ్లు పంచుకునేది గిట్ అనే వెర్షన్ల నిర్వహణ ప్రోగ్రామ్‌లోని రిపాజిటరీ (ఫైళ్ల భాండారం) ద్వారా. ఏ ఫైలులో పంక్తి ముగింపులు మార్చాలో గిట్ తనంతట తాను నిర్ణయించుకునేటప్పుడు, ఫైలులో సున్నా బైటు కనిపిస్తే అది పాఠ్యం కాదని వదిలేస్తుంది. అయితే ఈ ప్రాజెక్టుకు పునాదిగా తీసుకున్న ఒక నమూనా రిపాజిటరీలో, ఏ ఫైలును ఎలా చూడాలో గిట్‌కు చెప్పే గిట్ఆట్రిబ్యూట్స్ ఫైలులో నక్షత్రం గుర్తు (అన్ని ఫైళ్లూ అని అర్థం), దాని పక్కన ‘టెక్స్ట్’ అన్న ఒకే ఒక పంక్తి ఉంది. ‘టెక్స్ట్ ఈక్వల్స్ ఆటో’ అని ఉంటే గిట్ తన తెలివిని వాడుకునేది. వట్టి ‘టెక్స్ట్’ అని ఉంటే ఇక విచారణ లేదు, ప్రతి ఫైలూ పాఠ్యమే. మిత్రుడి విండోస్‌లో ఫైలు బయటికి వచ్చేటప్పుడు 10లన్నీ జంటలుగా మారాయి. కమిట్ చేసినప్పుడు (ఫైళ్లను రిపాజిటరీలో నమోదు చేసినప్పుడు) గిట్ నా ఫోల్డర్‌లోని ప్రతిని తిరగరాయదు కనుక నా దగ్గర ఏమీ తెలియలేదు.

మరి డాస్‌టుయూనిక్స్ అనే ప్రోగ్రామ్‌తో 13లను తీసేస్తే ఫైలు యథాస్థితికి రావాలి కదా? రాలేదు. పట్టిక సరిపడినట్లే కనిపించినా కొన్ని పేజీలు తెల్లగానే ఉన్నాయి. నా కంప్యూటర్‌లోనే వేరే ఫోల్డర్‌లోకి రిపాజిటరీని కొత్తగా క్లోన్ చేసి (నకలు తీసి) చూస్తే, అక్కడి పీడీఎఫ్ నా అసలు ప్రతి కంటే కొన్ని బైట్లు చిన్నది. కారణం కమిట్ దశలో ఉంది. పాఠ్యమని నమ్మిన ఫైలును లోపలికి తీసుకునేటప్పుడు గిట్ 13, 10 జంట కనిపించిన ప్రతిచోటా 13ను తీసేసి 10ని మాత్రమే భద్రపరుస్తుంది. డ్రైవర్ తన పంక్తులకు ఆ జంటను వాడదు. కానీ కంప్రెస్ చేసిన స్ట్రీమ్‌లో బైట్లు ఏ వరుసలోనైనా రావచ్చు కాబట్టి, ఆ జంట కాకతాళీయంగా 65,536 స్థానాలకు సగటున ఒకసారి తగులుతుంది. పది లక్షల బైట్ల ఫైలులో ఇలాంటి చోట్లు పదిహేను దాకా ఉంటాయన్న మాట. ఆ తరువాత మళ్లీ జంటలుగా మార్చినా, తీసేసినా, ఏ 10కి ముందు మొదట 13 ఉండేదో చెప్పగలిగే ఆధారం ఫైలులో ఎక్కడా మిగలదు.

కంప్రెస్ చేసిన స్ట్రీమ్‌లో ఒక బైటు పోతే అక్కడి నుంచి చివరి దాకా విప్పడం కుదరదు, చివర ఉండే ఆడ్లర్-32 అనే తనిఖీ సంఖ్య కూడా సరిపోదు. ఆ స్ట్రీమ్ ఒక పేజీ విషయమైతే ఆ పేజీ తెల్లగానో సగంలోనో ఆగుతుంది. అదే ఫాంట్ స్ట్రీమ్ అయితే ఆ ఫాంట్ వాడిన పేజీలన్నిటా అక్షరాలు రాలిపోతాయి. మా విషయంలో టీకకు వాడిన చిన్న ఫాంట్ తప్పించుకోవడం కేవలం అదృష్టం.

ఉదార వ్యూయర్ల సంగతి

పాప్లర్, మ్యూపీడీఎఫ్ అనే పీడీఎఫ్ లైబ్రరీల మీద ఆధారపడిన వ్యూయర్లు పట్టిక తప్పుగా ఉంటే ఫైలంతా వెదికి, ఆబ్జెక్టులు మొదలయ్యే చోట్లను పట్టుకొని, పట్టికను తామే కొత్తగా కట్టుకుంటాయి. హెచ్చరికలు టెర్మినల్‌లో మాత్రమే కనిపిస్తాయి, మెనూ నుంచి తెరిచినవారికి కనిపించవు. చదువరికి ఇది మేలే. కూర్పు చేసేవారికి మాత్రం ఇలాంటి వ్యూయర్‌లో తెరుచుకుందన్నది ఏ రుజువూ కాదని నా అభిప్రాయం. ఇప్పుడు ప్రతి ఫైలుకూ, పీడీఎఫ్ నిర్మాణాన్ని పరీక్షించే క్యూపీడీఎఫ్‌ను చెక్ ఆప్షన్‌తో నడుపుతున్నాను. అది ముగిసేటప్పుడు ఇచ్చే నిష్క్రమణ సంఖ్య సున్నా అయితే సరే, 2 అయితే దోషం, 3 అయితే హెచ్చరిక. 3 వచ్చినా ఫైలును బయటికి పంపడం లేదు.

గిట్ఆట్రిబ్యూట్స్‌లో పీడీఎఫ్, జేపీజీ, పీఎన్‌జీ, ఓటీఎఫ్, టీటీఎఫ్ ఫైళ్లకు విడివిడిగా ‘బైనరీ’ (పాఠ్యం కాదు) అని రాశాను. వెనక వచ్చే పంక్తి ముందరి దానిని తోసిపుచ్చుతుంది కనుక వీటిని నక్షత్రం పంక్తికి కిందనే పెట్టాలి. ఇంతటితో పని కాదు, రిపాజిటరీ లోపల ఉన్న ప్రతులు అప్పటికే చెడినవి. అసలు ప్రతులు ఉన్న ఫోల్డర్ నుంచి యాడ్ కమాండ్‌ను రీనార్మలైజ్ ఆప్షన్‌తో ఇస్తేనే గిట్ వాటిని మళ్లీ లోపలికి తీసుకుంది. మామూలు యాడ్‌కు ఫైళ్లు మారినట్టే అనిపించలేదు. పీడీఎఫ్‌లను మాత్రం ఆ తరువాత రిపాజిటరీ నుంచే తీసేశాను. మూలం నుంచి పుట్టే ఫైలుకు అక్కడ చోటు అక్కర్లేదు.

బొమ్మలకు అంటిన అదే తెగులు

క్లోన్ నుంచి కంపైల్ చేసిన ప్రతిలో పాత రాతప్రతి స్కాన్ ఉన్న పేజీ కింది సగం బూడిద రంగు చారలతో వచ్చింది. మొదట దీనిని వేరే సమస్య అనుకున్నా, మూలం అదే నక్షత్రం పంక్తి. జేపీజీని పొందుపరిచేటప్పుడు డ్రైవర్ కొలతల కోసం శీర్షిక భాగాన్ని చదివి, మిగిలిన బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా పీడీఎఫ్‌లో పెట్టేస్తుంది. లోపల బైటు పోయినా కంపైల్ సాఫీగా సాగుతుంది. ఫైలు 255, 216తో మొదలై 255, 217తో ముగియాలన్న పరీక్ష సగంలో తెగిన బొమ్మను పట్టిస్తుంది గాని, నడుమ బైటు జారిన బొమ్మను పట్టించదు.

పీఎన్‌జీ సంగతి ఇందుకు భిన్నం. దాని మొదటి 8 బైట్లు 137, 80, 78, 71, 13, 10, 26, 10. ఆ వరుసలో 13, 10 జంటను, విడిగా ఒక 10ని పెట్టింది సరిగ్గా ఇలాంటి పంక్తి మార్పిడి జరిగితే ఏ వైపు జరిగినా వెంటనే బయటపడాలనే. అందుకే మా పీఎన్‌జీలు చెడినప్పుడు కంపైలే ఆగిపోయింది, జేపీజీలు మాత్రం నోరు మెదపకుండా లోపలికి వెళ్లాయి.

తెగిపోయిన ఫైళ్లు

మరో రకం చెడిన ఫైలు కూడా ఈ విడతలోనే ఎదురైంది, కానీ దాని నిర్ధారణకు ఎక్కువ సేపు పట్టలేదు. తోక చూస్తే ఈఓఎఫ్ పంక్తే లేదు. మూలం మారినప్పుడల్లా కంపైల్ చేసే లాటెక్ఎంకేను నిరంతర ప్రివ్యూలో నడుపుతూ, ఆ ఫోల్డర్‌నే ఆన్‌లైన్ సింక్‌కు కూడా అప్పగిస్తే, డ్రైవర్ ఇంకా రాస్తుండగానే సింక్ ప్రోగ్రామ్ సగం ఫైలును ఎత్తుకుపోతుంది. అవుట్‌పుట్ ఫోల్డర్‌ను సింక్‌కు బయట పెట్టాను. లాటెక్ఎంకే సెట్టింగుల్లోని సక్సెస్ కమాండ్‌కు ఒక చిన్న స్క్రిప్ట్ తగిలించాను. అది క్యూపీడీఎఫ్ తనిఖీ అయ్యాక ఫైలును సింక్ సేవ పట్టించుకోని తాత్కాలిక పేరుతో కాపీ చేసి, ఆ తరువాత అసలు పేరుకు మారుస్తుంది. ఒకే డిస్క్ విభాగంలో పేరు మార్పు ఒక్క అడుగులో జరుగుతుంది కనుక సగం ఫైలు ఎవరి కంటా పడదు. కంపైల్ నడుమ ఆగిపోయినప్పుడు జీలాటెక్ తన కోసం రాసుకునే ఆక్స్ ఫైలు సగంలో తెగి, తరువాతి కంపైల్‌లో ఫైలు అర్ధంతరంగా ముగిసిందన్న దోషం వస్తుంటుంది. ఆక్స్‌ను చెరిపేస్తే చాలు.

పేజీ బాగానే కనిపిస్తూ, పాఠ్యాన్ని కాపీ చేస్తే తెలుగు అక్షరాలు తారుమారవడాన్ని కూడా కొందరు ఫైలు చెడడమనే అంటారు. అది ఈ జాబితాలోకి రాదు. గ్లిఫ్ (ఫాంట్‌లోని అక్షర రూపం) నుంచి యూనికోడ్‌కు వెళ్లే టుయూనికోడ్ పట్టిక అసంపూర్ణంగా ఉండటమో, వత్తులనూ ఐత్వాన్నీ ఫాంట్ విడి ముక్కలుగా పేర్చడమో అందుకు కారణం. ఫైలు నిర్మాణం నిక్షేపంగా ఉంటుంది. గోస్ట్‌స్క్రిప్ట్ అనే పీడీఎఫ్ సాధనంతో తిరగరాయిస్తే ఈ పట్టిక ఇంకా పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, తెలుగు పీడీఎఫ్‌ను ఆ దారిలో బాగుచేయమని నేను సూచించను.

ప్రస్తుత స్థితి

సోర్స్ డేట్ ఎపాక్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు చివరి కమిట్ సమయాన్ని ఇచ్చి, అదే టెక్ లైవ్ (జీలాటెక్ వచ్చే ప్రోగ్రామ్‌ల కట్ట) వెర్షన్‌తో, అవే ఫాంట్లతో కంపైల్ చేస్తే, పీడీఎఫ్‌లోని తేదీలు స్థిరంగా ఉండి, నా ఫోల్డర్ నుంచి తీసిన ఫైలు, కొత్త క్లోన్ నుంచి తీసిన ఫైలు బైటు బైటుకూ సరిపోతున్నాయి. ఎస్‌హెచ్ఏ-256 అనే తనిఖీ సంఖ్యను పీడీఎఫ్ పక్కనే చిన్న ఫైలులో పెట్టి పంపుతున్నాను. మిత్రుడి వైపు నుంచి అదే సంఖ్య తిరిగి వస్తోంది. స్కాన్ పేజీకి మూల చిత్రాన్ని మళ్లీ ఎగుమతి చేసి పెట్టాను. ఆగిపోయిన ప్రతిపదార్థాల కూర్పు రెండో అధ్యాయం నుంచి తిరిగి మొదలవుతుంది.