భోగాపురం దారిలో

నిన్న విజయనగరం నుంచి మేనత్తని చూడ్డానికి వెళ్తూ భోగాపురం దగ్గర బండి ఆపాను. ఒకప్పుడు ఇక్కడన్నీ జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలు. వేసవి సెలవుల్లో జీడిపిక్కలు కాల్చుకుని తిన్న చోటు. ఇప్పుడు సుమారు 2,200 ఎకరాల్లో విమానాశ్రయం, 3,800 మీటర్ల రన్‌వే.

ఇది రావాలనే కోరుకున్నాను. విశాఖలో ఉన్నది నేవీ రన్‌వే, మన విమానాలు వాళ్ల వేళలకి సర్దుకోవాల్సిందే. ఇక్కడ మొదటి దశకే ఏడాదికి 60 లక్షల ప్రయాణికుల సామర్థ్యం. వలసలకి అలవాటుపడ్డ మన జిల్లాలకి అది చిన్న ఆశ కాదు.

కానీ మరడపాలెం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. "డబ్బులొచ్చాయి, ఇల్లు కట్టుకున్నాం. పిక్కలేరే పని మాత్రం ఎవరిస్తారు నాయనా?" అంది అత్త. కూలికెళ్లే ఆడవాళ్ల నష్టం ఏ లెక్కలోనూ కనపడదు. ఇంకో టెన్షన్ నీళ్లది. ఈ ఇసుక నేల వాననీటిని తాగి బావులకి ఇచ్చేది. అంత మేర కాంక్రీటు పరిచాక ఆ నీరు ఎటు పోతుంది? కనీసం చుట్టుపక్కల చెరువుల్ని, గెడ్డల్ని పూడ్చకుండా కాపాడాలి. ఉద్యోగాల్లో ముందు ఆ ఊళ్ల పిల్లల్నే తీసుకోవాలి.

వస్తుంటే అత్త జీడిపప్పు పొట్లం చేతిలో పెట్టింది. పలాస సరుకట, కొని తెప్పించింది.