నాన్న అలవాట్లకు కారణాలు

ఆదివారం.

నాన్న గురించి రాసి పిల్లలకివ్వాలనుకున్న నోటుపుస్తకంలో మొదటి పేజీ ఈరోజు చించేశాం. పుట్టిన ఏడాది, చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు... అన్నీ సరిగ్గానే ఉన్నాయి గానీ అందులో నాన్న లేరు. పొలంలో పెరిగిన మనిషిని తేదీల వరసలో పెడితే ఆయన చేతులు బయటే మిగిలిపోతాయి. మనవలకు గుర్తున్న తాతయ్య వేరు. కుక్క గొలుసు చేతికి చుట్టుకుంటే ఊరుకోని తాతయ్య, ఆరిన బట్టల్ని మడతపెట్టే ముందు నొక్కి చూసే తాతయ్య. ఆ అలవాట్లలో ప్రతిదానికీ పొలంలో ఒక కారణం ఉంది. ఇక పుస్తకం అలాగే నడుస్తుంది: ఎడమ పేజీలో అలవాటు, కుడి పేజీలో కారణం.

ముందు తాడు సంగతి. పశువును పట్టుకున్న పలుపును చేతికి ఎప్పుడూ చుట్టుకోకూడదు. బెదిరిన ఎద్దు ఒక్క ఊపున లాగితే చుట్టు బిగుసుకుంటుంది. వదులుదామన్నా వదలదు, వేళ్లు తెగిపోతాయి, లేదంటే మనిషిని ఈడ్చుకుపోతుంది. మిగిలిన తాడును మడతలు మడతలుగా చేసి పిడికిట్లో పట్టుకోవాలి, పిడికిలి తెరవగానే అంతా జారిపోవాలి. చిన్నప్పుడే చేతికి ఎక్కిన పాఠం అది. అందుకే డెబ్భై ఏళ్లు దాటాక కూడా, కుక్కపిల్ల గొలుసైనా సరే, మనవడి మణికట్టు మీంచి విప్పి మడతపెట్టి చేతిలో పెట్టేవారు. విసుగు అనుకున్నాం, అది విసుగు కాదు.

గదిలోకి వచ్చే ముందు ఏదో ఒకటి మాట్లాడుతూ రావడం కూడా అలాంటిదే. ఆవుకు కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి చుట్టూ చాలావరకు కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక మాత్రం కనిపించదు. అక్కణ్నుంచి చప్పుడు లేకుండా వెళ్తే బెదిరి తంతుంది. దాని తన్ను నేరుగా వెనక్కే రాదు, కాలు ముందుకొచ్చి పక్కకి తిరిగి వెనక్కి పోతుంది. పక్కన నిలబడ్డవాడికీ తగులుతుంది. కనుక ముందు గొంతు వినిపించాలి, తర్వాత భుజం వైపు నుంచి దగ్గరికెళ్లాలి, వీపు మీద చెయ్యి వేశాకే వెనక్కి జరగాలి.

పాలు పితకడం గురించి ఒక పేజీ చాలదు. నాన్నకు పని మధ్యలో పిలిస్తే నచ్చేది కాదు, మొదలుపెట్టింది ఏకబిగిన ముగించాలి. దాని మూలం ఇక్కడ ఉందని గట్టి నమ్మకం. పొదుగు కడిగి, తుడిచి, చన్నులు నిమిరితే నిమిషంలోపే ఆవు చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది. ఆ చేపు అయిదారు నిమిషాలకు మించి నిలవదు. ఈలోపు పితకడం పూర్తికావాలి. మధ్యలో లేచిపోయినా, కుక్క మొరిగినా, ఎవరైనా గట్టిగా అరిచినా ఆవు పాలు పైకి లాగేసుకుంటుంది, మళ్లీ అరగంటదాకా చేపకపోవచ్చు. పొదుగులో పాలు మిగిలిపోతూ ఉంటే దిగుబడి తగ్గుతుంది, పొదుగువాపు ఉన్న పశువుకైతే అది ముదురుతుంది. ఆ వాపు ముందే తెలియాలని మొదటి రెండు మూడు ధారల్ని బిందెలోకి వదలకుండా విడిగా నల్లటి గిన్నెలోకి పితికి చూస్తారు. నలుపు మీద తెల్లటి పలుకులు గానీ నీళ్లలాంటి పలుచదనం గానీ ఇట్టే కనిపిస్తాయి. ఏ డబ్బా తెరిచినా ముందు కొంచెం అరచేతిలో వేసుకుని చూసే అలవాటుకు కారణం ఈ గిన్నె.

వేళ్ల మీద లెక్కలు కూడా అక్కడివే. ఆవు చూలు కట్టిన రోజు తెలిస్తే తొమ్మిది నెలల పది రోజులు కలపాలి, అంటే సుమారు 280 రోజులు. గేదెకు ఇంకో నెల ఎక్కువ, దాదాపు 310. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం మాన్పించాలి కాబట్టి ఆ తేదీ కూడా లెక్కలోకే వస్తుంది. క్యాలెండరు చూడకుండా తేదీలు చెప్పగలిగేవారంటే చదువు కన్నా ఇది కారణం.

బట్టలు నొక్కి చూడటం గడ్డివాము నుంచి వచ్చింది. ఆరీ ఆరని పచ్చిగడ్డిని, అంటే తేమ నూటికి ఇరవై పాళ్లు దాటినదాన్ని, వామి వేస్తే లోపల సూక్ష్మజీవులు పెరిగి వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. పైకి చల్లగానే ఉంటుంది, లోపల మాత్రం కొన్ని వారాలపాటు వేడి పెరుగుతూ పోయి ఒకరోజు దానంతటదే అంటుకుంటుంది. తెలిసినవాళ్లు ఇనుప ఊచను వామి నడుముదాకా గుచ్చి, కాసేపు ఉంచి, లాగి పట్టుకుని చూస్తారు. చెయ్యి పట్టలేనంత కాలితే ప్రమాదం. అప్పుడు కంగారుగా విప్పకూడదు, గాలి తగలగానే భగ్గుమంటుంది, నీళ్లు సిద్ధం చేసుకుని మనుషుల్ని పిలవాలి. గింజల మూట కూడా అంతే. పైనున్న గింజ ఎండి ఉంటుంది, మూట మధ్యలోది తడిగా ఉండి బూజు పడుతుంది. కాబట్టి లోపలికంటా చెయ్యి పెట్టి నాలుగైదు చోట్ల తీసి కొరికి చూడాలి. టక్కుమని విరిగితే నిలవకు పనికొస్తుంది, పంటి గాటు పడి నొక్కుకుపోతే ఇంకా ఎండాలి.

గేటు ఎలా ఉంటే అలాగే వదలడం, దంతె పళ్లు ఎప్పుడూ నేలవైపు పెట్టడం... వీటికి తలా రెండు వాక్యాలు చాలు.

మధ్యాహ్నం పనిముట్ల పెట్టె. కొడవలి పిడి ఒకవైపే అరిగి ఉంది, బొటనవేలు ఆనే చోట గుంత పడింది. ఇలాంటి పిడిని గరుకు కాగితంతో రుద్దకూడదు, మెరుపు వస్తుంది గానీ ఆయన చేతి గుర్తు పోతుంది. పొడి బ్రష్‌తో మట్టి దులిపి, బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, ఒకరోజు ఆరనిచ్చి, అవిసె నూనె పలుచగా పూసి, పావుగంట తర్వాత మిగులు నూనెంతా తుడిచేయాలి. తుడవకపోతే జిగురుగా ఉండిపోయి దుమ్ము పడుతుంది. ఆ నూనెగుడ్డల్ని ముద్దచేసి మూల పడేస్తే గడ్డివాములో లాగే వేడెక్కి అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లు పోసిన మూతడబ్బాలో వేయాలి. ఇనుము మీది తుప్పును సన్నటి ఉక్కుపీచుతో రెండు చుక్కల నూనె వేసి రాలినంత మేరకే తీస్తే చాలు, గ్రైండింగ్ రాయి పెట్టొద్దు. పేరు రాసిన చీటీని జిగురుతో అంటించకుండా నూలుదారంతో కట్టాలి.

ఫొటోలు సగమే అయ్యాయి. వెనక బాల్‌పెన్నుతో రాస్తే ఒత్తుడు ముందుకు దిగుతుంది, సిరా పాకుతుంది, మెత్తటి పెన్సిలుతో అంచున రాయాలి. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేయడం సరిపోతుంది, అగ్గిపెట్టెంత బొమ్మలకైతే 1200. వెనకవైపు కూడా స్కాన్ చేయాలి, రాతలన్నీ అక్కడే. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగితే బొమ్మ పొర అద్దం మీదే ఉండిపోతుంది, దాన్ని అద్దంతో సహా స్కాన్ చేయడమే క్షేమం. ఖాతా పుస్తకంలో ఖాళీ పేజీలూ అట్టలూ కూడా స్కాన్ చేయకుండా వదలకూడదు. వాన పడిన తేదీ ఎక్కువగా అట్ట లోపలే రాసి ఉంటుంది.

వచ్చే వారం అత్తయ్య వస్తుంది. నాన్నతో కలిసి ఆ పొలంలో పెరిగిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది కాబట్టి రికార్డింగ్ ఆమెతోనే. పెద్దవాళ్లకు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య సంగతులు మిగతా వయసు కన్నా బాగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధించినవాళ్లు చాలాసార్లు చూశారు. కనుక ప్రశ్నలు అక్కడే పెట్టాలి. "నాన్న ఎలాంటివాడు?" అంటే "మంచివాడు" అని ఆగిపోతుంది. "పొద్దున లేవగానే మొదటి పని ఏది? నీదేది, అన్నయ్యదేది? కుండపోత వాన పడితే ముందు దేన్ని లోపలికి తెచ్చేవాళ్లు?" అని అడగాలి. ఏ ఏడాదో అడగొద్దు. ట్రాక్టరు రాకముందా, బావి తవ్వాకా, వరద వచ్చిన ఏడాదికి ముందా అని అడిగితే వరస తేలుతుంది, ఏడాదిని కాగితాలతో మనమే సరిచూసుకోవచ్చు. కొడవలి ఆమె చేతికిస్తే మాట దానంతటదే వస్తుంది. చేతులతో "ఇంత" అని చూపిస్తే రికార్డరుకు కనపడదు, "మూరెడా అత్తయ్యా?" అని వెంటనే పైకి అనాలి. ఆమె ఆగితే నాలుగైదు క్షణాలు మనమూ ఆగాలి, అసలు మాట తరచూ ఆ ఆగిన తర్వాతే వస్తుంది. ముప్పావుగంటకు మించి కూర్చోబెట్టొద్దు.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బల్ల మీద మడతపెట్టిన తువ్వాలు వేసి, నోటికి అడుగున్నర దూరంలో ఉంచాలి. ఫ్యాన్ ఆపాలి, ఆ హోరు తర్వాత తీసేస్తే గొంతు కూడా పలచబడుతుంది. వేవ్ ఫైల్‌గా (గొంతును కుదించకుండా దాచే రకం), 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, ఒకే ఛానెల్‌లో అయితే గంటకు అర జీబీ పడుతుంది, కాబట్టి ముందే ఫోన్‌లో చోటు చూసుకోవాలి. మొదట ఒక నిమిషం రికార్డు చేసి ఆమెకే వినిపించాలి. ముగిసిన రోజే మూడు నకళ్లు తీయాలి, ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ఫైలు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, రోజు, ఆ తర్వాత ఎవరి గొంతో.

అడగాల్సిన మొదటి ప్రశ్న రాసి పెట్టాం: కొడవలి పిడి అరిగిన వైపు చూస్తే ఎడమచేత్తో పట్టినట్టుంది. నాన్న రాసింది కుడిచేత్తోనే. మరి కోసింది ఏ చేత్తో?