కర్త ఎవరు?

తొమ్మిదో తరగతిలో మా క్లాసు గ్లోబు పగిలింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా చూడండి, చెయ్యి దానంతటది "పగిలింది" అనే రాస్తుంది. పగలగొట్టింది నేను. ఎంత స్పీడుగా తిరుగుతుందో చూద్దామని గట్టిగా తిప్పాను, స్టాండు నుంచి ఊడి కింద పడింది. ఇంతలో తెలుగు మాస్టారు లోపలికి వచ్చారు. లేచి నిలబడి "గ్లోబు పగిలిపోయింది మాస్టారూ" అన్నాను. ఆయన తిట్టలేదు. ఆ వాక్యాన్నే బోర్డు మీద రాసి, ఇందులో కర్త ఎవర్రా అని అడిగారు. గ్లోబు అన్నాను. వ్యాకరణం ప్రకారం అది కరెక్టే, ఆయనా కరెక్టే అన్నారు. అని నా వైపే చూస్తూ నిలబడ్డారు, నేను తల వంచుకుని రెండో వాక్యం చెప్పేదాకా.

ఆ రోజు పాఠం పక్కన పెట్టేశారు. బోర్డు మీద ఒకవైపు పోయింది, చెడిపోయింది, ఆలస్యమైంది, కుదరలేదు అని, వాటి ఎదురుగా పోగొట్టాను, చెడగొట్టాను, ఆలస్యం చేశాను, చెయ్యలేదు అని రాశారు. మన భాషలో ఈ జంటలు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టి చూడండి. మొదటి వరసలో మనిషి ఉండడు, పనులు వాటంతటవే జరిగిపోతుంటాయి. ఆ తర్వాత ఆయన మా చేత ఒక అలవాటు చేయించారు. నోట్సు చివరి పేజీలో రోజుకి ఒక్క వాక్యం, ఆ రోజు సరిగ్గా జరగని పని ఏదైనా సరే, "నేను" అని మొదలుపెట్టి రాయాలి. ఆయన దాన్ని చదివేవారు కాదు, రాశామా లేదా అని మాత్రం చూసేవారు.

ఇప్పుడు నేను ఎనిమిది మంది ఉన్న డిజైన్ టీమ్ నడుపుతున్నాను. నాయకత్వం మీద చాలా ట్రైనింగులకి వెళ్ళాను, కొన్ని బాగానే ఉపయోగపడ్డాయి, కానీ నిజంగా పనికొచ్చింది ఆ చివరి పేజీయే. మొదట్లో దాన్ని మర్చిపోయాను కూడా. ఒక పెద్ద పని రెండు వారాలు వెనకబడినప్పుడు మీటింగులో "టీమ్‌లో కొంత ఆలస్యం జరిగింది" అన్నాను. నిజానికి ఫైళ్ళు చూసి ఓకే చెప్పాల్సింది నేను, టెన్షన్‌తో రోజూ వాయిదా వేసుకుంటూ వచ్చాను. ఆ మాట అన్నాక ఎదురుగా కూర్చున్న కుర్రాడు ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్ లోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఏ ఇబ్బంది ఉన్నా నాకు ముందుగా చెప్పడం మానేశాడు. నాయకుడు తన వాక్యంలోంచి తప్పుకుంటే ఆ ఖాళీలో ఎవరో ఒకరు నిలబడాల్సి వస్తుంది, ఎవరు నిలబడాల్సి వచ్చిందో వాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

ఐసెన్‌హోవర్ చీటీ సంగతి చాలా తర్వాత చదివాను. ఆయన అమెరికన్ జనరల్, రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న ఫ్రాన్సులోని నార్మండీ తీరంలో దిగే మిత్రరాజ్యాల సైన్యాలకి అధిపతి. ముందురోజే, దాడి విఫలమైతే చెప్పాల్సిన మాటలు ఒక చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాడు (ఎంత ఒత్తిడిలో ఉన్నాడంటే తేదీ జూన్ బదులు జూలై 5 అని వేశాడు). అందులో సైన్యాలు వెనక్కి వచ్చాయి అనే ధోరణిలో మొదలుపెట్టిన మాట కొట్టేసి, సైన్యాన్ని నేను వెనక్కి రప్పించాను అని దిద్దుకున్నాడు. నేలమీద, ఆకాశంలో, సముద్రంలో పోరాడినవాళ్ళు చేయగలిగిందంతా చేశారు, తప్పేమైనా ఉంటే అది నా ఒక్కడిదే అని ముగించాడు. మెచ్చుకునే వాక్యానికి కర్త వాళ్ళు, తప్పు వాక్యానికి కర్త తను. ఆ దిద్దుబాటు గురించి చదవగానే నాకు మా బోర్డు గుర్తొచ్చింది.

బొమ్మలు గీసేవాళ్ళకీ, రాసేవాళ్ళకీ ఇది ఇంకా అవసరం అనిపిస్తుంది నాకు, ఎందుకంటే మనం మాట్లాడేదంతా మొదటి వరసలోనే ఉంటుంది. ఐడియా రాలేదు, మూడ్ కుదరలేదు, టైం దొరకలేదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలా రచయిత ఆంథొనీ ట్రాలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేస్తూనే తెల్లవారుజామున నవలలు రాసేవాడు, ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 పదాలు. అంత వేగం నాకు అందదు, అందరికీ అవసరమనీ అనుకోను. నేను తీసుకున్నది ఆయన డైరీని. ఏ రోజు ఎన్ని పేజీలు రాశాడో అందులో వేసుకునేవాడు, రెండు రోజులు బద్ధకించాడంటే ఆ ఖాళీ గడులు ఆయన మొహంలోకే చూస్తుండేవి. నేను కూడా "ఇవాళ బొమ్మ కుదరలేదు" అని రాయడం మానేశాను. "నేను ఇవాళ చెయ్యిని సరిగ్గా చూడకుండా గుర్తున్నట్టు గీశాను" అని రాస్తే మర్నాడు ఏం చెయ్యాలో అందులోనే ఉంటుంది. మొదటి వాక్యంతో చేయగలిగింది ఏమీ లేదు.

అదీ వెంటనే రాయాలి. డార్విన్‌కి ఒక నియమం ఉండేది, తన అభిప్రాయానికి ఎదురు వచ్చే విషయం ఏది కనపడినా ఆ క్షణమే రాసిపెట్టుకోవడం. అనుకూలమైన వాటికంటే అలాంటివి తొందరగా జ్ఞాపకంలోంచి జారిపోతాయని ఆయన అనుభవం. జీవ పరిణామం గురించి 1859లో వచ్చిన తన పుస్తకంలో ఆ సిద్ధాంతానికున్న చిక్కుల మీదే ఒక అధ్యాయం రాయగలిగాడు. నేను రాత్రికి రాద్దాం అనుకున్న రోజుల్లో రాత్రికల్లా నా తప్పు సగానికి తగ్గిపోయి, మిగతా సగం ఇంకెవరిదో అయిపోయేది.

ఒక జాగ్రత్త. ఇది తనని తాను తిట్టుకునే పేజీ కాదు. "నేను పనికిరానివాణ్ణి" అన్నదాంట్లో "నేను" ఉంది కానీ చేసిన పనేదీ లేదు, అలాంటిది రాస్తే మాస్టారు ఒప్పుకునేవారు కాదు, క్రియ ఏదిరా అనేవారు. ఒక్క వాక్యం, ఒక్క పని, అంతే.

ఈ వ్యాసం మొదటి కాపీలో "ఇన్నేళ్ళలో మాస్టారిని కలవడం కుదరలేదు" అని రాశాను. మళ్ళీ చదివి కొట్టేశాను. నేను వెళ్ళలేదు. ఆయన ఎక్కడున్నారో తెలుసు, సెలవులూ ఉన్నాయి. ఈ ఆదివారం వెళ్తున్నాను, ఈ పేజీలు ప్రింటు తీసి పెట్టుకున్నాను.