ఫిలిప్పీ చెరసాలలో తెల్లవారిన తరువాత

బైబిల్లో అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మీద ప్రసంగమంటే చెరసాలలో పౌలు, సీలల అర్ధరాత్రి కీర్తనలు, భూకంపం, చెరసాల నాయకుడి రక్షణ. 34వ వచనం దగ్గర ఆమేన్ అనేస్తారు. తెల్లవారాక పౌలు ఏం చేశాడో ఎవరూ చెప్పరు. నాకు ఇది ఎప్పటి నుంచో బాధ.

ఉదయాన్నే న్యాయాధిపతులు "వాళ్లను వదిలేయండి" అని కబురు పంపారు. మనమైతే స్తోత్రం చెప్పి బయటపడేవాళ్లం. పౌలు కదలలేదు. రోమీయులమైన మమ్మల్ని విచారణ లేకుండా అందరి ముందూ కొట్టించి, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లనే వచ్చి తీసుకువెళ్లమనండి అన్నాడు. వీపు మీద బెత్తం గాయాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పౌరుణ్ని అలా కొట్టడం రోమా చట్టానికే విరుద్ధం కనుక వాళ్లు భయపడి, వచ్చి బతిమాలుకున్నారు.

ఇందులో అహంకారం లేదు. పౌలు వెళ్లిపోతాడు, అక్కడ పౌలు మాట నమ్మిన లూదియ ఇంట్లో కూడుకునే కొత్త విశ్వాసులు ఆ ఊళ్లోనే బతకాలి. అతను చాటుగా జారుకుంటే వాళ్ల మీద నేరస్థుల శిష్యులన్న ముద్ర పడేది. వాళ్ల కోసమే పట్టుబట్టాడని నా నమ్మకం.

ఒక చెంప మీద కొడితే రెండోది చూపమని యేసు అన్నాడు కదా అంటారు. ఆ ప్రభువే ప్రధానయాజకుని ఎదుట తనను చెంపమీద కొట్టిన బంట్రౌతును, నేను తప్పు మాట్లాడితే అదేమిటో చెప్పు, లేకపోతే ఎందుకు కొడుతున్నావు అని నిలదీశాడు (యోహాను 18:23). తిరిగి కొట్టలేదు, అలాగని ఊరుకోనూ లేదు.

ఒక ప్రార్థన కూటంలో, భర్త దెబ్బలకు కమిలిన మణికట్టును సంచి కింద దాచుకున్న సహోదరితో "సిలువ మోయాలమ్మా" అనడం విన్నాను. ప్రభువు తన సిలువను తానే ఎత్తుకున్నాడు. దాన్ని ఆమె భుజం మీద మోపే అధికారం మనకెవరిచ్చారు?

మానవ హక్కులు లోక సంబంధమైనవని తోసేసే పెద్దలు ఉన్నారు. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రకటన ముసాయిదాలో పాలుపంచుకున్న లెబనాన్ దేశస్థుడు చార్లెస్ మాలిక్ మన విశ్వాసే. చిత్రహింస కూడదని అందులో 5వ అధికరణం. పౌలుకు పౌరసత్వం ఉంది కాబట్టి అడగగలిగాడు. అదే అధ్యాయంలో, సోదె చెప్పిస్తూ యజమానులు సొమ్ము చేసుకున్న దాసి పిల్లకు ఏముంది? ఆదికాండము 1:27 ఉంది. దేవుని స్వరూపం ఆమెలోనూ ఉంది.

సంఘ పెద్దలారా, ఈసారి 40వ వచనం దాకా చదవండి. ఆ సహోదరి ఫిర్యాదు చేయడానికి వెళితే, ఆమెను ఒంటరిగా పంపకండి.