ధాత కరువు కాగితాల్లో నా పీహెచ్‌డీ

పర్యావరణ చరిత్రలో పీహెచ్‌డీ అంటే మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. "వానల మీదనా, చరిత్ర మీదనా?" అని అడిగారు. రెంటి మీదా. 1876-78 కరువు నా అంశం. రాయలసీమలో దాన్ని ధాత కరువు అంటారు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు.

నా సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) నిండా ఎల్‌నినోయే, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కితే మన దగ్గర వానలు తగ్గే సంగతే. 1877లో పసిఫిక్ సముద్రం బాగా వేడెక్కింది. ఆ రోజుల్లోనే ఉత్తర చైనాలో, బ్రెజిల్ ఈశాన్యంలో కూడా కరువు. మా గైడ్ మేడమ్ అంతా చదివి, "వాన ఎందుకు పడలేదో వాతావరణం వాళ్లు చెప్తారమ్మా. వాన పడకపోతే మనిషి ఎందుకు చచ్చిపోయాడో నువ్వు చెప్పాలి" అన్నారు.

అప్పట్లో సీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అందుకే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు (పాత సర్కారు కాగితాలు దాచే చోటు) వెళ్లక తప్పదు. యూనివర్సిటీ లెటర్, గుర్తింపు కార్డు జతచేసి అప్లికేషన్ పెట్టాను. పర్మిషన్ వచ్చాక ఇండెక్సులు తిరగేసి, రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ (బోర్డు ఉత్తరప్రత్యుత్తరాలు, ఉత్తర్వుల కట్టలు) నంబరు, తేదీ చీటీ మీద రాసివ్వాలి. ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉన్న కట్టలు ఇవ్వరు. మనం అడిగింది వస్తుందో రాదో అని రోజూ టెన్షనే.

అసలు సంగతంతా ధరల పట్టికల్లో ఉంది. రూపాయికి ఎన్ని సేర్ల జొన్నలు వస్తాయో అందులో రాస్తారు. అంకె తగ్గిందంటే ధర పెరిగిందన్నమాట. పైగా సేరు అన్నిచోట్లా ఒకటే తూకం కాదు. ముందు అది సరిచేసుకోకుండా రెండు తాలూకాలను పోలిస్తే లెక్క తేలదు. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు 1871 నాటికే వచ్చేసింది. రైలుంటే గింజలు వాటంతటవే వస్తాయని, ధర దిగుతుందని దొరల నమ్మకం. గింజలు వచ్చాయి కూడా. కొనేందుకు కూలి చేతిలో డబ్బే లేదు. పంట లేదు కాబట్టి పొలంలో పని లేదు. బట్ట కొనేవాళ్లు లేక సాలెవాళ్ల మగ్గాలూ ఆగిపోయాయి. మేడమ్ అడిగినదానికి నా జవాబు దాదాపుగా ఇదే.

కరువు పనుల (కరువులో సర్కారు పెట్టే కూలి పనులు) ఫైళ్లు చదవడం మాత్రం కష్టమైంది. 1877లో భారత ప్రభుత్వం కరువు పరిశీలనకు పంపిన అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించాలని, మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు. పొద్దస్తమానం కంకర కొట్టే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్య అధికారి) డాక్టర్ కార్నిష్ అది చాలదని గట్టిగా వాదించాడు. చదువుతుంటే మనసు డాక్టరు వైపే పోతుంది. అయినా టెంపుల్ వాదనను పలచన చేయకుండా థీసిస్‌లో పెట్టాలి, లేకపోతే వైవాలో (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) దొరికిపోతాం.

చెన్నైలో దొరకని కాగితాల కోసం లండన్‌ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు (లండన్ నుంచి భారత పాలన చూసిన శాఖ కాగితాలు) చూడొచ్చు. రీడర్ పాస్ ఉచితం. గుర్తింపు, ఇంటి అడ్రస్ రుజువులు చూపాలి. లోపల పెన్సిలే, పెన్ను కుదరదు. అంత దూరం వెళ్లే స్తోమత లేకపోతే 1880 నాటి ఫామిన్ కమిషన్ (కరువు మీద సర్కారు వేసిన విచారణ సంఘం) రిపోర్టు స్కాన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. దాని అనుబంధాల్లో అధికారులు కమిషన్‌కు ఇచ్చిన జవాబులు ఉంటాయి. ముందు అవి చదివితే చెన్నైలో ఏ ఫైలు అడగాలో తెలుస్తుంది.