ఖాళీ గీతా లెక్కే: తిమింగలాల సర్వేలో నా అనుభవం

మొదటి రోజు విమానంలో మూడు గంటలు ఎగిరి, ఒక్క తిమింగలం కూడా కనపడకుండానే దిగాం. నాకు ఏడుపొక్కటే తక్కువ. మా టీమ్ లీడర్ మాత్రం షీట్లు తిరగేసి, ‘గీతలన్నీ పూర్తయ్యాయి, చాలు’ అన్నారు. ఆ మాట నాకు ఒంటపట్టడానికి వారం పట్టింది.

మేం ఎగిరింది పెలాగోస్ మీద. తిమింగలాలు, డాల్ఫిన్ల కోసం ఫ్రాన్స్, ఇటలీ, మొనాకో 1999లో ఒప్పందం చేసుకుని కాపాడుకుంటున్న మధ్యధరా సముద్ర భాగం అది. దాదాపు 87,500 చదరపు కిలోమీటర్లు. అంత నీటిని గాలించడం ఎవరి తరం? అందుకే మ్యాపు మీద ముందే గీతలు గీసుకుని, వాటి మీదుగానే ఎగురుతారు. ఎక్కువ కనిపించే చోటికే పోతే అంకె పెద్దదవుతుంది, లెక్క మాత్రం తప్పుతుంది.

ఎత్తు 183 మీటర్లు, వేగం గంటకు 185 కిలోమీటర్లు. కిటికీ అద్దం బుడగలా బయటికి ఉబ్బి ఉంటుంది. తల అందులో పెడితే విమానానికి సరిగ్గా కిందున్న నీళ్లు కూడా కనిపిస్తాయి. గాలి పెరిగి తెల్లనురగలు లేస్తే ఆ రోజుకి ఆపేయాల్సిందే.

నాలుగో రోజు చూశాను. ముందు తెల్లటి ఊపిరి, ఆ వెంటనే నీలంలో పొడవాటి బూడిదరంగు ఒళ్లు. కుడి వైపు కింది దవడ తెల్లగా మెరిసింది. ఫిన్ తిమింగలం! దాని ఎడమ దవడ మాత్రం ముదురు రంగులో ఉంటుంది. అలా చూస్తూ ఉండిపోయాను. అది సరిగ్గా నా పక్కకొచ్చిన క్షణంలో కోణం చదవాలి. కిందికి 45 డిగ్రీలైతే గీతకు 183 మీటర్ల దూరం, 30 అయితే 317. దూరం పెరిగేకొద్దీ మన కళ్లు ఎన్నింటిని వదిలేస్తున్నాయో ఈ కొలతలతోనే అంచనా వేస్తారు. నేను తేరుకునేసరికి అది వెనక్కి వెళ్లిపోయింది. ఏదో అంకె చెప్పబోయి ఆగాను. ‘కోణం లేదు’ అన్నాను మైకులో. నోరు ఎండిపోయింది. తప్పుడు అంకె కంటే ఖాళీ గడే మేలని ఇప్పటికీ నా నమ్మకం.

స్పెర్మ్ తిమింగలాలతో ఇంకో చిక్కు. ఒకసారి మునిగితే ముప్పావుగంట దాకా పైకి రావు, మేమేమో క్షణాల్లో దాటిపోతాం. అవి పైన ఎంతసేపు ఉంటాయో వాటి ఒంటికి తగిలించిన ట్యాగుల ద్వారా తెలుసుకుని లెక్క సరిచేస్తారు.

ఇక్కడ వీటికి పెద్ద గండం ఓడలు ఢీకొట్టడం. 2023లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, స్పెయిన్ వైపు నీళ్లనూ కలిపి, ఓడలు వేగాన్ని 10–13 నాట్లకు (గంటకు సుమారు 19–24 కిలోమీటర్లు) తగ్గించుకోవాలని సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. తప్పనిసరి చేయమని గట్టిగా అడగాలంటే, సరిహద్దుకి అటూ ఇటూ ఒకే పద్ధతిలో తీసిన లెక్క చేతిలో ఉండాలి.

మా ఆఖరి గీత ఇటలీ నీళ్ల మీద మొదలై ఫ్రాన్స్ నీళ్ల మీద ముగిసింది. కింద ఏమీ కనపడలేదు. షీట్‌లో సున్నా రాసి, టైమ్ వేసి, లీడర్ చేతికిచ్చాను.