ఐదు ప్రశ్నల కాగితం

నరసన్నపేటలో నాకో చిన్న మెడికల్ షాపుంది. కౌంటర్ వెనక నిలబడి పద్దెనిమిదేళ్లయింది. మెట్టెక్కుతున్న తీరు చూసి మనిషి ఏ మందుకొచ్చాడో చెప్పేస్తాను. షుగర్ మాత్రలకొచ్చినవాడు చీటీ ముందుకు తోస్తాడు. గ్యాస్ మాత్రలకొచ్చినవాడు పొట్ట పట్టుకునే వస్తాడు. ఇంకో రకముంది. షాపు ఖాళీ అయ్యేదాకా పక్క కిరాణా కొట్టు ముందు తచ్చాడి, ఆఖర్న వచ్చి, ముందో అమృతాంజనం సీసా కొని, చిల్లర తీసుకుంటూ "బావూ, నరాల వీక్నెస్‌కి ఏటైనా ఉందేటి?" అని నేలవైపు చూస్తాడు.

2020 లాక్‌డౌన్‌లో ఈ రకం పెరిగింది. లెక్క రాసుకోలేదు గానీ, పెరిగిన మాట నిజం. షాపు ముందు సున్నంతో గళ్ళు గీసి, అడ్డంగా తాడు కట్టాం. ఒక గడిలో నిలబడి మూడు గజాల దూరం నుంచి నరాల వీక్నెస్ సంగతి అరిచి చెప్పలేరు కదా, చీటీ మీద రాసిచ్చేవారు. అప్పటికే గుజరాత్ వేరావల్‌లో ఇరుక్కున్న మన మత్స్యకారులు బస్సుల్లో తిరిగొచ్చారు. ఏడాదిలో ఎక్కువ నెలలు బోటు మీదుండే మనిషి, క్వారంటైన్ అయ్యాక ఒకే గది ఇంట్లో పిల్లలతో, ముసలి తల్లిదండ్రులతో, చేతిలో పైసా లేకుండా కూర్చున్నాడు. అతనికొచ్చింది నరాల జబ్బా? "డాక్టర్ చీటీ లేకుండా ఆ మాత్ర ఇవ్వకూడదు బాబూ" అని పంపేసేవాణ్ణి. ఇంకో ముక్క మాట్లాడాలని నాకూ తోచలేదు.

అదే సమయంలో వాట్సాప్‌లో ఒకటే జోకులు: తొమ్మిది నెలలు ఆగండి, ఆసుపత్రుల్లో మంచాలు చాలవు అని. నేనూ పది మందికి పంపాను. లైంగిక విషయాల మీద పరిశోధన చేసే అమెరికా కిన్సే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు లాక్‌డౌన్ మొదట్లోనే 1,559 మందిని ఆన్‌లైన్‌లో అడిగితే, 43.5 శాతం మంది పడకజీవితం తగ్గిందనే చెప్పారని తర్వాత చదివాను. ఐదుగురిలో ఒకరు మాత్రం కొత్తగా ఏదో చేసి చూశామన్నారట. వాళ్ళు మనవాళ్ళు కాదనుకోండి. అయినా జోకు తప్పని తేలింది.

తర్వాత టీకా గొడవ. "సూది ఏయించుకుంటే మగతనం పోద్దట గదా" అని రోజుకొకరు. 2021 జనవరిలో డ్రగ్స్ కంట్రోలర్ సోమానీ గారు అదంతా చెత్త మాట అని గట్టిగానే అన్నారు. ఆ ఏడాదే జామా అనే అమెరికా వైద్య పత్రికలో 45 మంది మగవాళ్ళ వీర్యాన్ని టీకాకు ముందూ తర్వాతా పరీక్షించిన సంగతి వచ్చింది, తగ్గింది లేదు. అవి ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు, మనకు వేసిన కోవిషీల్డ్, కోవాగ్జిన్ కావు. అయినా ఆ కాగితం ప్రింటు తీసి షాపు అద్దానికి అంటించాను. ఎవరూ చదవలేదు. ఇంగ్లీషులో ఉంది మరి.

ఇక నా సంగతి. 2021 మేలో నాకే కోవిడ్ వచ్చింది. పై గదిలో ఒక్కణ్ణే. నేను అమ్మిన ఆక్సీమీటర్‌లాంటిదే నా వేలికి తగిలించుకుని రాత్రంతా 93, 92, 93 అని చూస్తూ పడుకున్నాను. జ్వరం పోయింది గానీ భయం పోలేదు. కళ్ళు మూస్తే గుండె దడ. చివరికి కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి శ్రీకాకుళంలో ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాను. ఎస్సిటాలోప్రామ్ అని, భయానికీ దిగులుకీ ఇచ్చే మాత్ర, 10 మిల్లీగ్రాములు రాశారు. నా షాపులో అర మీద ఉన్న మందే.

మూడు నాలుగు వారాలకు నిద్ర పట్టింది. దాంతోపాటు ఇంకోటి నిద్రపోయింది. మందు డబ్బాలోని సన్న అక్షరాల కాగితం చదివే అతి కొద్దిమందిలో నేనొకణ్ణి. అందులో రాసే ఉంది: కోరిక తగ్గుట, స్ఖలనం ఆలస్యమగుట. తెలిసి కూడా డాక్టర్‌కి చెప్పలేదు. మా ఆవిడ "ఏటండీ, నా మీద కోపమేటి?" అనడిగితే షాపు టెన్షన్ అన్నాను. రెండు నెలల తర్వాత ఒక రాత్రి గోడవైపు తిరిగి "లావైపోయాననే కదా" అంది. మర్నాడే మాత్ర మానేశాను, ఎవరికీ చెప్పకుండా. నాలుగో రోజు తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమంది. కౌంటర్ దగ్గర వందకి బదులు ఐదువందలిచ్చేశాను.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి పక్క గదిలో ఒక జూనియర్ డాక్టరమ్మ, మా మేనకోడలి వయసుంటుంది, ఒక కాగితం తీసింది. అరిజోనా స్కేల్ అట. ఐదే ప్రశ్నలు: కోరిక ఎలా ఉంది, ఉద్రేకం ఎంత తేలిగ్గా వస్తోంది, అంగస్తంభన, భావప్రాప్తి, అందులో తృప్తి. ఒక్కోదానికి 1 నుంచి 6. గొంతు తగ్గించకుండా, ఆధార్ నంబర్ అడిగినట్టు అడిగింది. నేనే ఫ్యాన్‌వైపు చూశాను. మొత్తం 22 వచ్చింది. 18 దాటితే ఇబ్బంది ఉన్నట్టేనట.

"ముందే చెప్పాల్సింది కదండీ" అంది.

"మీరడగలేదు కదమ్మా" అన్నాను.

నవ్వేసి స్పెయిన్ సంగతొకటి చెప్పింది. ఇంటికొచ్చి వెతికి చదివాను. 1997లో మోంతెహో అనే ఆయన, తోటివాళ్ళూ ఈ జాతి మందులు వాడే 344 మందిని గమనించారు. తమంతట తాము ఈ ఇబ్బంది చెప్పుకున్నవాళ్ళు 14 శాతం. డాక్టరే అడిగితే 58 శాతం. అదంతా చదివాక నా కౌంటర్ దగ్గర అమృతాంజనం కొని నేలవైపు చూసినవాళ్ళంతా వరసగా గుర్తొచ్చారు.

ఇందులో కోవిడ్ పాలెంతో, మందు పాలెంతో, భయం పాలెంతో విడదీయడం కష్టమని కూడా ఆ డాక్టరమ్మ అంది. ఇటలీలో 100 మంది మగవాళ్ళను పోల్చి చూస్తే స్తంభన సమస్య కోవిడ్ వచ్చినవాళ్ళలో 28 శాతం, రానివాళ్ళలో 9 శాతం ఉందట. నా విషయంలో మందు మొదలెట్టాకే వచ్చింది కాబట్టి డోసు సగం చేసి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గిద్దామన్నారు. హఠాత్తుగా మానేసినందుకు పెద్ద డాక్టర్‌ గారి దగ్గర వేరే చివాట్లు.

ఆ రాత్రి మందు డబ్బాలోని కాగితం మా ఆవిడ ముందు పరిచి, వేలు పెట్టి చూపించాను. చాలాసేపు చూసింది. "ఈ ముక్క రెండు నెలల కిందట చెప్తే నేను రాత్రి అన్నం మానేదాన్నా?" అంది. నాకు సమాధానం లేదు. కాసేపయ్యాక, "ఆ ఐదు ప్రశ్నలూ ఆడవాళ్ళకీ ఉంటాయేటి?" అనడిగింది.

ఉంటాయి. మూడోది మారుతుంది, అంతే.

"చదవండి" అంది. ఫోన్‌లో ఇంగ్లీషు చూసుకుంటూ, నాకొచ్చిన తెలుగులో చెప్పుకుపోయాను. మూడో ప్రశ్న దగ్గర ఆగమని చెయ్యి చూపించి, లేచెళ్ళి టీవీ సౌండ్ పెంచొచ్చింది. హాల్లో మా అమ్మ ఇంకా పడుకోలేదు.